ఇంటి విజ్ఞానం: కంప్యూటర్‌కూ ఉక్కపోస్తుంది

బెంగుళూరులో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళకు ఒకప్పుడు ఒక గొప్ప ఉండేది. వేసవి సెలవులకు నెల్లూరు నుంచో, విజయవాడ నుంచో చుట్టాలు వస్తే, "మా ఊళ్ళో ఫ్యాను కూడా అక్కర్లేదండీ" అని చెప్పుకునేవాళ్ళం. ఆ గొప్ప కాస్తా 2016 ఏప్రిల్‌లో పోయింది. ఆ నెల నగరంలో ఎండ 39.2 డిగ్రీలకు చేరింది. మనుషులం కనుక మజ్జిగ తాగి, కిటికీలకు తడిగుడ్డలు కట్టుకుని గట్టెక్కాం. మా ఇంట్లో నోరులేని జీవి ఒకటి మాత్రం బల్ల కింది అరలో కూర్చుని ఉడికిపోయింది. అదే మా కంప్యూటర్.

అప్పుడే దానికి ఒక పెద్ద పని అప్పజెప్పాను. మా అమ్మ పాడిన మంగళహారతులు, ఊయల పాటలు 1988లో మా తమ్ముడు టేప్ రికార్డర్‌లో పట్టాడు. మొత్తం ఏడు క్యాసెట్లు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. క్యాసెట్లకు బూజు పట్టింది. ఒకసారి తిప్పితే రెండోసారికి టేపు నిలుస్తుందన్న నమ్మకం లేదు. అందుకని పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం రెండు దాటితే చాలు, పాట మధ్యలో అది టక్కున ఆరిపోయేది. మూడో క్యాసెట్‌లో ఒక హారతి అలాగే సగంలో ఆగింది. వెనక్కి తిప్పి మళ్ళీ పెడితే టేపు నలిగి చుట్టుకుపోయింది. ఆ హారతి మాకు సగమే మిగిలింది.

అలా ఆరిపోవడం దాని తప్పు కాదు. లోపలి చిప్ హద్దు మించి వేడెక్కితే, కాలిపోకుండా తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు అందులోనే ఉంటుంది. కంప్యూటర్ తాగే కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. 150 వాట్లు వాడే కంప్యూటర్ అంటే, గదిలో 150 వాట్ల హీటర్ పెట్టుకున్నట్టే. ఆ వేడిని చిప్ మీదున్న లోహపు రెక్కల దిమ్మ తీసుకుంటుంది. దాన్నే హీట్ సింక్ అంటారు. దాని మీది చిన్న ఫ్యాను ఆ వేడిని గాలికి అప్పగిస్తుంది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా పని చెడ్డట్టే. మన ఊరికి ఇంకో చిక్కు కూడా ఉంది. బెంగుళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి చెన్నై గాలికంటే దాదాపు పదో వంతు పలుచన. అదే ఫ్యాను, అదే వేగంతో తిరిగినా మోసుకుపోయే వేడి ఆ మేరకు తక్కువ.

ఇక మా ఇంట్లో ప్రయోగాలు మొదలయ్యాయి. మొదటిది మా అబ్బాయిది. డబ్బా పక్క రేకు ఊడదీసి, అడుగు దూరంలో టేబుల్ ఫ్యాను పెట్టాడు. చూడ్డానికి ఆపరేషన్ బల్ల మీది రోగిలా ఉన్నా, ఆ పూట కంప్యూటర్ ఆగలేదు. అత్యవసరానికి ఇది మంచి ఉపాయమే. కాని నాలుగు రోజుల్లో లోపలంతా దుమ్ము. ఐదో రోజున ఒక బల్లి కూడా కాపురం పెట్టబోయింది.

రెండోది విజయవాడ నుంచి ఫోనులో మా బావమరిది చెప్పింది. "బావా, ఐసు ముక్కలు ప్లాస్టిక్ సంచిలో కట్టి డబ్బా మీద పెట్టు" అన్నాడు. పెట్టాను. గంట తర్వాత మా ఆవిడ వచ్చి, "ఏమండీ, మీ కంప్యూటర్‌కు చెమట పడుతోంది" అంది. నవ్వబోయి చూద్దును కదా, రేకు లోపలి వైపు నీటి బొట్లు వరసగా వేలాడుతున్నాయి! పరుగున వెళ్ళి ప్లగ్గు పీకాను. సంచి కారలేదు. చల్లటి మజ్జిగ గ్లాసుకు బయట పట్టే నీరే అది. గాలి 30 డిగ్రీలుండి అందులో తేమ 60 శాతం ఉంటే, 21 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదైనా నీరు చేరుతుంది. ఇంకొక్క పావుగంట ఆగితే ఆ బొట్లు మదర్ బోర్డు మీద రాలేవి, మిగతా పాటలకు కూడా నీళ్ళు వదులుకోవలసి వచ్చేది. కంప్యూటర్‌ను ఫ్రిజ్‌లో పెడితే పోలేదా అని అడిగేవాళ్ళకు కూడా ఇదే జవాబు. పైగా, ఎడతెగకుండా వేడి వదిలే వస్తువును చల్లబరచడానికి ఇంటి ఫ్రిజ్‌ను తయారు చెయ్యలేదు.

మరి మన పెద్దల వట్టివేళ్ళ తడికెలు, మట్టి కూజాలు? వాటి వెనకున్న శాస్త్రం చాలా గట్టిది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి, వంద వాట్ల యంత్రం ఆరున్నర గంటలపాటు వదిలే వేడికి సమానం. అందుచేత తడికె గది కిటికీకి కట్టండి, గది చల్లబడితే కంప్యూటరూ కొంత చల్లబడుతుంది. తడిగాలి తిన్నగా డబ్బాలోకి మాత్రం పోనివ్వకండి.

ఇంతకంటే వింత ఉపాయాలు చేసినవాళ్ళున్నారు. 2006లో టామ్స్ హార్డ్‌వేర్ అనే పత్రికవారు కంప్యూటర్‌ను ఏకంగా వంటనూనెలో ముంచి నడిపి చూపించారు. నూనెలో కరెంటు పారదు కాబట్టి అది పనిచేసింది. కాని వంటనూనె కొన్నాళ్ళకు మక్కిపోతుంది, తీగల వెంట పైకి పాకుతుంది. మామూలు హార్డ్ డిస్కుకు గాలి పీల్చే చిన్న రంధ్రం ఉంటుంది కనుక దాన్ని అసలు ముంచకూడదు. మన వంటింటికి బజ్జీల మూకుడొక్కటి చాలు! ద్రవంతో చల్లార్చడం పిచ్చి ఆలోచనేమీ కాదు. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్ భాగాలు కరెంటు పారని ఒక ప్రత్యేక ద్రవంలో మునిగే పనిచేసేవి. మన టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, 2022లో నెలకొల్పిన పరమ్ ప్రవేగలో కూడా చిప్‌ల వేడిని గొట్టాల్లో తిరిగే ద్రవమే మోసుకుపోతుంది. అయితే అక్కడ దాన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఇంజనీర్లున్నారు. మన ఇంట్లో ఉన్నది మనమే.

చివరికి మా జబ్బు ఎక్కడ తేలిందంటే, ఎస్.పి. రోడ్డులో కంప్యూటర్ విడిభాగాలమ్మే ఒక చిన్న కొట్లో. అక్కడి కుర్రాడు హీట్ సింక్ విప్పి నా చేతిలో పెట్టాడు. రెక్కల మధ్య దుమ్ము గొంగళి ముక్కలా మందంగా అతుక్కుని ఉంది. కింద పూసిన పేస్టు ఎండి పెళుసుబారింది. చిప్‌కూ దిమ్మకూ మధ్య కంటికి కనపడని సందుల్లో గాలి చేరితే వేడి దాటదు. ఆ సందులు పూడ్చడానికే ఆ పేస్టు. దాని బదులు పళ్ళు తోముకునే పేస్టు రాసి చూసినవాళ్ళూ ఉన్నారు. నాలుగు రోజులు పనిచేస్తుంది, నీరు ఆరగానే సున్నంలా రాలుతుంది. అసలు పేస్టు చిన్న గొట్టం కొంటే బఠాణీ గింజంత చాలు. ఇంటికొచ్చి డబ్బాను బల్ల అరలోంచి బయటికి తీసి, గోడకు జానెడు ఎడంగా పెట్టాను. అంతే! ఆ మే నెలంతా అది ఒక్కసారి కూడా ఆగలేదు.

మీరు చేసుకోదలిస్తే క్రమం ఇది. ముందు ప్లగ్గు పీకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి డబ్బా లోహాన్ని ఒకసారి తాకండి. మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్క తిరక్కుండా వేలితో పట్టుకోండి. కరెంటు వచ్చే సప్లయి పెట్టె మాత్రం విప్పకండి, ప్లగ్గు పీకినా అందులో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. ముందు ఫ్యాను గాలిని లోపలికి లాగాలి, వెనక ఫ్యాను బయటికి తోలాలి. రెండూ ఎదురెదురుగా ఊదుకుంటుంటే లాభం లేదు. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకండి. వెనక అంచు కింద రెండు చెక్క బద్దలు పెడితే చాలు. ఉగాదికి ఇల్లు దులుపుకుంటాం కదా, ఆ రోజే దీన్నీ దులపండి.

మిగిలిన నాలుగు క్యాసెట్లూ క్షేమంగా ఎక్కాయి. వాటి ప్రతులు ఇప్పుడు మా ముగ్గురు అన్నదమ్ముల ఇళ్ళలోనూ ఉన్నాయి. ఆ సగం హారతి వచ్చినప్పుడల్లా, ఆగిన చోటు నుంచి మా చెల్లెలు అందుకుని పాడుతుంది. తనకు మొత్తం వచ్చు. అయినా అమ్మ గొంతు ఆగిన ఆ చోట ఇంట్లో అందరం ఒక్క క్షణం మౌనంగా ఉండిపోతాం. కుంచె, బఠాణీ గింజంత పేస్టు, ఒక అరగంట. ఇంతే ఖర్చు, ముందే చేసి ఉంటే. మీ అటక మీదా అలాంటి క్యాసెట్లుంటే, ముందు కంప్యూటర్‌కు ఊపిరాడనిచ్చి, ఆ తర్వాతే మొదలుపెట్టండి.