మనల్ని మోసే కారు, మనం మోసే కారు

1964లో భారత ప్రధానమంత్రి పదవి చేపట్టేనాటికి లాల్ బహదూర్ శాస్త్రికి సొంత కారు లేదు. ఇంటివారి కోరికపై ఒక ఫియట్ కొనాలని ఆయన నిశ్చయించారు. కారు వెల 12,000 రూపాయలు. బ్యాంకులో ఉన్న నిల్వ 7,000. మిగిలిన 5,000 రూపాయలు పంజాబ్ నేషనల్ బ్యాంకు నుంచి అప్పుగా తీసుకున్నారు. 1966 జనవరిలో ఆయన తాష్కెంటులో కన్నుమూసేనాటికి ఆ అప్పు తీరలేదు. తరువాత ఆయన సతీమణి లలితా శాస్త్రి తనకు వచ్చే పెన్షనులో నుంచి ఆ బాకీని చెల్లించారు.

ఈ ఉదంతాన్ని శాస్త్రిగారి నిజాయితీకి నిదర్శనంగా చెప్పుకోవడం ఆనవాయితీ. అది సబబే. అయితే కారు కొనదలచిన ప్రతి గృహస్థుకూ పనికివచ్చే మరొక సంగతి కూడా అందులో ఉన్నది. వెలలో సగానికి మించి చేతి సొమ్ము పెట్టి, మితంగా చేసిన అప్పు సైతం చేసిన మనిషి కంటే ఎక్కువకాలం బతికింది. ఇక చేతి సొమ్ము నామమాత్రంగా పెట్టి, తక్కినదంతా ఏడేళ్ళ వాయిదాలకు అప్పగించే సంసారి తన భవిష్యత్తును గురించి ఎంత ధీమాతో ఉండాలి!

ఆ రోజులలో కారు దొరకడమే గగనం. పేరు నమోదు చేసుకుని ఫియట్ కోసమో అంబాసిడర్ కోసమో ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. 1983 డిసెంబరు 14న ఢిల్లీ వాస్తవ్యుడు హర్‌పాల్ సింగ్ తొలి మారుతి 800 తాళంచెవులను ఇందిరాగాంధీ చేతులమీదుగా అందుకోవడంతో మధ్యతరగతి ఇళ్ళకు కారు దారి తెరుచుకున్నది. హర్‌పాల్ సింగ్ ఆ కారును 2010లో మరణించేవరకు తనవద్దనే ఉంచుకున్నారు. నేడు ఎదురుచూపులు లేవు. అప్పిచ్చేవారే ఫోను చేసి పిలుస్తున్నారు. కారు దొరుకుతుందా అన్న పాత ప్రశ్న పోయింది. దానితోపాటు, కారును భరించగలమా అన్న ప్రశ్న కూడా పోయినట్టు చాలామంది భావిస్తున్నారు. చిక్కంతా అక్కడే ఉన్నది.

లెక్క కట్టి చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. 8 లక్షల రూపాయలను నూటికి 9 వడ్డీ చొప్పున ఏడేళ్ళకు తీసుకుంటే, నెలసరి వాయిదా సుమారు 12,870 రూపాయలు. అప్పు తీరేనాటికి కట్టిన మొత్తం 10 లక్షల 81 వేలు. అదే అప్పును అయిదేళ్ళలో తీర్చేటట్లయితే వాయిదా 16,600 దాకా పెరుగుతుంది గాని, వడ్డీలో దాదాపు 85 వేలు మిగులుతాయి. వాయిదా చిన్నదిగా కనిపించడమే పెద్ద అప్పుకు ఉన్న ఆకర్షణ. ఈ లెక్కలో పెట్రోలు లేదు, ఏటేటా కట్టవలసిన బీమా లేదు, టైర్లు లేవు, బ్యాటరీ లేదు, మెకానిక్కు కూలి లేదు. వాయిదాకే జీతం సరిపోయిన ఇంట్లో ఇవన్నీ పిలవని చుట్టాలవుతాయి.

ఇంతకంటే ప్రమాదకరమైన మోజు మరొకటి ఉన్నది. పదేళ్ళు తిరిగిన విదేశీ విలాసపు కారు ఒక్కొక్కప్పుడు కొత్త చిన్నకారు ధరకే లభిస్తుంది. మామూలు చిన్నకారు ఎందుకు, ఇదే కొంటే వీధిలో పదిమందీ తలతిప్పి చూస్తారు కదా అనిపిస్తుంది. కాని కారు వయసు పెరిగేకొద్దీ దాని ధర తగ్గుతుందే తప్ప దాని విడిభాగాల ధర తగ్గదు. దీపం పగిలినా, సస్పెన్షను కుంగినా, గేరుపెట్టె మొరాయించినా, మరమ్మతు బిల్లు ఆ కారు కొత్తగా ఉన్ననాటి హోదాకు తగినట్లే వస్తుంది. చిన్నకారు ధర ఇచ్చి కొన్నవాడు పెద్దకారు ఖర్చుకు సంతకం చేశాడన్నమాట.

పరువు కోసం కొనడం మన దేశంలో ఎంత బలమైన అలవాటో నానో కారు చరిత్ర తెలియజేస్తుంది. లక్ష రూపాయల కారుగా 2008 జనవరిలో లోకమంతటినీ ఆకర్షించిన ఆ బండి ఆశించినంతగా అమ్ముడుపోలేదు. అందుకు కారణాలు అనేకం. వాటిలో ‘అన్నిటికంటే చౌక కారు’ అన్న ముద్ర ఒకటని రతన్ టాటాయే అనంతరం అంగీకరించారు. అందుబాటులో ఉన్నదనే పేరే కొందరి దృష్టిలో దానికి లోపమైంది!

‘మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె’ అన్న సామెతను కల్పించినవారు కారును చూసి ఎరుగరు. చూసి ఉంటే దానిని కొంచెం మార్చేవారేమో. మెరిసే చక్రాలకూ, ఖరీదైన సీటు కవర్లకూ, పాటల యంత్రానికీ వేలు పోసిన చేయి, ఇంజన్ ఆయిల్ మార్చవలసిన రోజు రాగానే వెనుకాడుతుంది. ఇక్కడ మీసాలకు నూనె ఉన్నది, ఇంజనుకే లేదు.

ఇంజనులో వేగంగా తిరిగే లోహభాగాలు ఒకదానినొకటి నేరుగా ఒరుసుకోకుండా కాపాడేది పలుచని ఆయిల్ పొర ఒక్కటే. కాలం గడిచినకొద్దీ ఆ ఆయిల్ మడ్డిగా మారి సన్నని దారులను మూసివేస్తుంది. ఆయిల్ ఒత్తిడి పడిపోయినప్పుడు యజమాని ఎదుట ఎర్రదీపం వెలుగుతుంది. వెంటనే బండి ఆపమని దాని అర్థం. ‘ఇల్లు రెండు కిలోమీటర్లే కదా’ అని ముందుకు సాగినవాడు ఆ రెండు కిలోమీటర్లకు ఇంజన్ వెల చెల్లించవలసి రావచ్చు.

రేడియేటరు విషయంలో జరిగే తెలివితక్కువ పని మరీ బాధాకరమైనది. ఇంజన్ వేడెక్కి ఆవిర్లు చిమ్ముతూంటే, ఆదుర్దాతో మూత తిప్పేవారున్నారు. లోపలి నీరు ఒత్తిడిలో ఉండడం వలన 100 డిగ్రీలు దాటినా మరగకుండా నిలిచి ఉంటుంది. మూత వదులు కాగానే ఒక్కసారిగా పైకి ఎగజిమ్మి ముఖమూ చేతులూ కాల్చివేస్తుంది. కాలుతున్న ఇంజనులో చన్నీళ్ళు కుమ్మరిస్తే సిలిండరు హెడ్డు పగిలే ప్రమాదమూ ఉన్నది. చేయవలసినది ఒక్కటే: బండి ఆపి, ఇంజన్ చల్లారేదాకా ఓపిక పట్టడం. ఆ ఓపికకు పైసా ఖర్చు లేదు.

కొన్ని ఇంజన్లలో గొలుసు చేసే పనిని మరికొన్నింటిలో రబ్బరు టైమింగ్ బెల్టు చేస్తుంది. దానికి తయారీదారు ఒక గడువు నిర్ణయిస్తాడు. గడువు దాటినా బండి హాయిగా నడుస్తూనే ఉంటుంది. అందుచేత మార్చడం దండుగ అనిపిస్తుంది. ఒకనాడు బెల్టు తెగుతుంది. అనేక ఇంజన్లలో వాల్వులు వెళ్ళి పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

2015లో మద్రాసు మహానగరాన్నీ, 2020 అక్టోబరులో హైదరాబాదునూ, 2024 సెప్టెంబరులో విజయవాడనూ వరదలు ముంచెత్తినప్పుడు అసంఖ్యాకంగా వాహనాలు నీట మునిగాయి. ఇటువంటి సమయంలో నీరు తీసిన వెంటనే, ‘ఒకసారి స్టార్టు చేసి చూద్దాం’ అని తాళంచెవి తిప్పడం అత్యంత సహజమైన పని. అత్యంత నష్టదాయకమైన పని కూడా అదే. గాలి నొక్కితే కుదించుకుపోతుంది, నీరు కుదించుకుపోదు. సిలిండరులో నీరు నిలిచి ఉండగా పిస్టను పైకి లేస్తే, ఆ బలానికి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మునిగిన కారును శుభ్రపరచి బాగుచేసుకునే అవకాశం అంతవరకు ఉన్నది. తాళంచెవి తిప్పడంతో అది చేజారుతుంది. ఇలా స్టార్టు చేయబోయి చెడగొట్టుకున్న ఇంజనుకు, అదనపు ఇంజన్ రక్షణ తీసుకోకపోతే, సాధారణ బీమాలో పరిహారం దొరకడం కష్టం. కనుక మునిగిన బండిని కదపకుండా, బ్యాటరీ తీగ ఊడదీయించి, లాగించి షెడ్డుకు చేర్చడమే వివేకం.

ఇంతవరకు చెప్పినవాటిలో చాలాభాగం యజమాని సొమ్ముకు సంబంధించినవి. ఘాట్‌రోడ్డు మీద చేసే పొదుపు అటువంటిది కాదు. దిగుడులో ఇంజన్ ఆపివేసి, న్యూట్రల్లో బండిని జారవిడిచి పెట్రోలు మిగుల్చుకుంటున్నామని మురిసిపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. గేరులో ఉన్న ఇంజన్ తానే బండిని నిలువరిస్తుంది. దానిని విడదీస్తే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంజన్ ఆగితే, రెండుమూడు సార్లు తొక్కేసరికి బ్రేకుకు సాయపడే వాక్యూము కూడా తరిగిపోయి, పెడలు రాయిలా బిగుసుకుంటుంది. పైగా నేటి ఇంజన్లు గేరులో దిగుతున్నప్పుడు పెట్రోలును వాటంతట అవే నిలిపివేస్తాయి. అంటే, మిగిలేదేమీ లేదు. ఒడ్డేది మాత్రం ప్రాణం.

అరిగిన టైర్ల సంగతీ ఇంతే. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గిన టైరు చట్టరీత్యా పనికిరాదు. తడిరోడ్డు మీద అది నీటిని పక్కకు నెట్టలేక తేలిపోతుంది. ‘వచ్చే నెల మారుద్దాం’ అనే మాట వెనుక అజ్ఞానం ఉండదు. ఖాళీ జేబు ఉంటుంది. కారును అతిగా ప్రేమించేవారే దానిని అధ్వాన్నంగా చూసుకోవడంలోని రహస్యమిదే. సొమ్మంతా కొనుగోలులోనే హరించుకుపోగా, పోషణకు మిగిలేది వాయిదాలు వేయడమొక్కటే. ఆయిల్ మార్చనివాడు తన డబ్బు పోగొట్టుకుంటాడు. బ్రేకులు చూపించుకోనివాడు దారినపోయే బిడ్డ ప్రాణాన్ని పణంగా పెడతాడు. తన కారుకు బీమా చేయించుకోవడం యజమాని ఇష్టానికి వదిలినా, ఇతరులకు కలిగే హానికి బీమా చేయించి తీరాలని చట్టం శాసించడం ఊరకే కాదు.

అయితే తమ స్తోమత ఎంతో తెలుసుకునేదెట్లా? దీనికి ఆర్థికశాస్త్రం అక్కరలేదు. కొనదలచిన కారుకు పడే నెలసరి వాయిదా, పెట్రోలు, బీమాలో పన్నెండో వంతు, మరమ్మతులకు కొంత, ఈ నాలుగూ కూడి, ఆ మొత్తాన్ని ఆరునెలలపాటు ప్రతినెలా మొదటి తేదీన బ్యాంకులో విడిగా జమచేయాలి. పిల్లల ఫీజులకూ, పెద్దల మందులకూ ఇబ్బంది పడకుండా ఆరునెలలూ గడిస్తే కారు కొనుక్కోవచ్చు. చేరిన సొమ్ము అప్పును ఆమేరకు తగ్గిస్తుంది. మూడోనెలలోనే ఆ ఖాతా మీద చేయి వేయవలసి వస్తే, ఇంకా చిన్న బండిని చూసుకోవాలి, లేదా మరికొన్నాళ్ళు బస్సునే నమ్ముకోవాలి. అందులో చిన్నతనమేమీ లేదు. బస్సు టైరు అరిగిందని ప్రయాణికుడికి అర్ధరాత్రి మెలకువ రాదు.