లక్షల్లో జీతం తీసుకునేవాడికి యూనియన్ ఎందుకు?

2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల లెక్కన కేన్సిల్ అయ్యాయి కదా, అప్పుడు మన ఐటీ జనం అన్న మాటలు వింటే ఒకటే ఆశ్చర్యం. "లక్షలు లక్షలు జీతాలు, ఇంకా వీళ్ళకి రెస్టు కావాలిట!" అని. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ సపోర్ట్ కాల్ ఎత్తి, పొద్దున్నే స్టాండప్‌లో కళ్ళు నులుముకుంటూ కూర్చునేవాళ్ళు అనాల్సిన మాటేనా ఇది?

అసలు జరిగిందేమిటంటే, పైలట్ల విశ్రాంతి రూల్సు మారాయి. వారానికోసారి ఏకధాటిగా 36 గంటలుండే విశ్రాంతి 48 అయింది. రాత్రిపూట లాండింగులు ఆరు నించి రెండుకి తగ్గాయి. డీజీసీఏ వీటిని 2024 జనవరిలోనే ప్రకటించింది. ఎయిర్‌లైన్లు గోల పెడితే వాయిదా పడ్డాయి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కితే గానీ 2025 జులైలో కొన్ని, నవంబర్ 1 నించి మిగతావి అమల్లోకి రాలేదు. ఇంత ముందుగా తెలిసిన డెడ్‌లైనుకి కంపెనీ తగినంతమంది పైలట్లని సిద్ధం చేసుకోలేదు (ఈ కథ మనమెక్కడో విన్నట్టు లేదూ?). చివరికి తగ్గింది ఎవరయ్యా అంటే రూలే. మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు మంత్రిగా ఉండగానే, ఇండిగోకి 2026 ఫిబ్రవరి 10 దాకా రాత్రి డ్యూటీల రూల్సు నించి మినహాయింపు ఇచ్చారు.

సంఘాలంటూ ఉన్నాయి కాబట్టి ఆ మాత్రమైనా పోరాటం జరిగింది. నా బెంగంతా చిన్న ఎయిర్‌లైన్ల పైలట్ల గురించి.

పేరుకి రాజమండ్రి ఎయిర్‌పోర్టు గానీ, అది ఉన్నది మా కోరుకొండ మండలం మధురపూడిలో. ఎనభైల్లో వాయుదూత్ వచ్చింది, పోయింది. ఆ తర్వాత జెట్ ఎయిర్‌వేస్, స్పైస్‌జెట్, ట్రూజెట్... జెట్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. మన హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ 2015 జులైలో ఎగరడం మొదలుపెట్టి 2022 ఫిబ్రవరిలో నేలకి దిగిపోయింది. ఉద్యోగులకి జీతాలు సరిగ్గా అందట్లేదని అప్పటికే పేపర్లలో వస్తోంది. ఎయిర్‌లైన్ పోతే మావాళ్ళు గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. మరి కాక్‌పిట్‌లో కూర్చున్నవాడు ఏం ఎక్కాలి?

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. పైలట్ జీతంలో పెద్ద ముక్క గంటల మీద వచ్చేది. విమానం కదిలిన దగ్గర్నించి ఆగేదాకానే ఆ గంటలు. మన బిల్లబుల్ అవర్స్ లాంటివే, కాకపోతే మనకి బెంచి మీదున్నా జీతం పడుతుంది. హైదరాబాద్ నించి మధురపూడికి ఏటీఆర్‌లో గంట పైచిలుకు. అలాంటి ట్రిప్పులు రోజుకి నాలుగంటే నాలుగు టేకాఫులు, నాలుగు లాండింగులు. మధ్యలో నేల మీద గడిచిన టైమంతా లెక్కలోకి రాదు. ఎయిర్‌బస్ నడిపేవాడు అవే గంటలు ఒకటి రెండు లాండింగులతో సంపాదించుకుంటాడు, గంట రేటూ ఎక్కువే. 2022లో అలయన్స్ ఎయిర్ పైలట్లు కోవిడ్ ముందున్న జీతాలు మళ్ళీ ఇమ్మని గొడవకి దిగారు. అలయన్స్ ఎయిర్ అంటే, 2025 అక్టోబర్‌లో రాజమండ్రి - తిరుపతి సర్వీసు మొదలుపెట్టారే, ఆ ప్రభుత్వ కంపెనీయే.

"నచ్చకపోతే మానేసి ఇంకోచోట చేరొచ్చుగా" అంటారు మనవాళ్ళు. మనం అలవాటు పడ్డది ఆ పద్ధతికే కదా, హైక్ రాకపోతే నౌకరీలో రెజ్యూమే అప్‌డేట్ చేస్తాం. కానీ ఇది జావా నించి డాట్‌నెట్‌కి మారినట్టు కాదండీ. ఏటీఆర్ నడిపేవాడు ఎయిర్‌బస్ ఎక్కాలంటే టైప్ రేటింగ్ అని మళ్ళీ లక్షలు పోసి ట్రైనింగ్ కావాలి. కొత్త కంపెనీలో సీనియారిటీ చాలామటుకు అడుగు నించే. పైగా 2017లో డీజీసీఏ కెప్టెన్‌కి నోటీసు పీరియడ్‌ని ఏడాది చేసింది, కో-పైలట్‌కి ఆరు నెలలు. తొంభై రోజులకే మనం హాహాకారాలు చేస్తాం! కంపెనీ జీతం తగ్గిస్తే ముందే వదిలెయ్యమని పైలట్ అడగొచ్చని ఆ రూల్లోనే రాశారు. బానే ఉంది. కానీ అడగాల్సింది వాడొక్కడే, అడగాల్సింది ఆ కంపెనీనే.

యూనియన్ అనగానే మేనేజ్‌మెంట్లు తీసే పాత అస్త్రం ఒకటుంది: "మీరు వర్కర్లు కారు, మాలో భాగం" అనడం. 2009లో జెట్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ పెట్టుకుంటే ఇద్దర్ని తీసేశారు. సెప్టెంబర్‌లో వందల మంది ఒక్కసారిగా సిక్ లీవు పెట్టారు, అయిదు రోజుల పాటు దేశమంతా గగ్గోలు, ఆ ఇద్దర్నీ వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. 2023లో టాటాల చేతికొచ్చిన ఎయిర్ ఇండియా కొత్త కాంట్రాక్టు ఇస్తూ, నాలుగేళ్ళు కెప్టెన్‌గా చేసినవాళ్ళని మేనేజ్‌మెంట్ కేడర్‌లోకి తీసుకుంటామంది. సంఘాలు ససేమిరా అన్నాయి. మన దగ్గర కింద ఒక్క ఫ్రెషర్ కూడా లేనివాడికి "లీడ్", "మేనేజర్" అని తగిలిస్తారే, అచ్చం అదే.

చట్టం ఏమంటుందో చూస్తే, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం నైపుణ్యం ఉన్న పని, సాంకేతిక పని చేసేవాళ్ళని కూడా వర్క్‌మన్ అనే అంది. జీతం గీత గీసింది సూపర్‌వైజర్లకి మాత్రమే. 2024లో ఢిల్లీ హైకోర్టు కింగ్ ఎయిర్‌వేస్ కేసులో తేల్చింది కూడా అదే, కో-పైలట్‌కీ సిబ్బందికీ ఆదేశాలిచ్చినంత మాత్రాన పైలట్ సూపర్‌వైజర్ అయిపోడని. ఐటీ వాళ్ళూ యూనియన్ పెట్టుకోవచ్చని తమిళనాడు ప్రభుత్వం 2016లోనే స్పష్టం చేసింది. మనం ఇంకా వాట్సాప్ గ్రూపుల్లో సణుక్కుంటున్నాం, అది వేరే సంగతి.

అలాగని యూనియన్లన్నీ పులుకడిగిన ముత్యాలేం కాదు. 2012లో ఎయిర్ ఇండియా పైలట్ల గిల్డ్ 58 రోజులు సమ్మె చేసింది. దేనికి? డ్రీమ్‌లైనర్ ట్రైనింగ్ పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకి ఇవ్వకూడదని! ఇల్లు కాలుతుంటే వాటాల కోసం అన్నదమ్ముల తగువు. అలాంటి యూనియన్‌ని సమర్థించడం నా వల్ల కాదు.

అమెరికాలో 2009 ఫిబ్రవరి 12న కాల్గన్ ఎయిర్ అనే చిన్న కంపెనీ విమానం బఫెలో దగ్గర కూలి 50 మంది పోయారు. మధురపూడికి స్పైస్‌జెట్ నడిపిన క్యూ400 రకమే అది. దర్యాప్తులో తేలిన కారణం కెప్టెన్ తప్పుడు స్పందన. కానీ విచారణలో కో-పైలట్ జీతం కూడా బయటికొచ్చింది, ఏడాదికి 16 వేల డాలర్ల చిల్లర (తర్వాత కంపెనీ ఆ అంకెని పెంచి చెప్పింది). ఆ అమ్మాయి పుట్టింట్లో ఉంటూ, డ్యూటీ కోసం రాత్రంతా సియాటిల్ నించి దేశం ఆ చివరికి ప్రయాణం చేసొచ్చింది. కాల్గన్ పైలట్లు ఆల్పా అనే సంఘాన్ని ఎన్నుకుని అప్పటికి కొద్ది నెలలే అయింది. 2022 జూన్‌కి వచ్చేసరికి ఎన్‌వాయ్, పీడ్‌మాంట్ లాంటి చిన్న కంపెనీల్లో కొత్త కో-పైలట్‌కి గంటకి 90 డాలర్లకి ఆల్పా ఒప్పందం కుదుర్చుకుంది. పైలట్ల కొరత లేకపోతే అంత వచ్చేది కాదు, నిజమే. కానీ ఆల్పా ఒక్క కంపెనీది కాదు. పెద్ద ఎయిర్‌లైన్ల పైలట్లూ, చిన్నవాటి పైలట్లూ అందులోనే ఉంటారు. కాల్గన్ 2012లో మూతపడింది, ఆల్పా ఉంది.

మనకి కావల్సింది అదే. జెట్ గిల్డ్ ఎంత గట్టిగా నిలబడినా జెట్‌ని దాటి పోలేకపోయింది. కంపెనీ లోపలి యూనియన్ కంపెనీతోనే పోతుంది. ఏటీఆర్ పైలట్లు ఏ కంపెనీలో ఉన్నా ఒకే సంఘంలో ఉండాలి, గ్యారంటీ గంటలు ఎన్నో ఆ సంఘమే మాట్లాడాలి. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ మాత్రం యాజమాన్యంతో ఒంటరిగా బేరమాడే హక్కు, ఆ సంస్థలో 51 శాతం మంది బలమున్న యూనియన్‌కే అంటోంది. అంటే ప్రతి చిన్న ఎయిర్‌లైన్‌లోనూ, ఏడాది నోటీసు నెత్తి మీద పెట్టుకున్నవాళ్ళ దగ్గర, విడివిడిగా సంతకాలు పోగెయ్యాలి. ట్రూజెట్ ఎగిరింది మొత్తం ఆరున్నరేళ్ళే.