విశాలకోణ కటకమును కొనుటకు ముందు

గత సంవత్సరము మన పాఠశాల సామూహిక చిత్రము అచ్చయి వచ్చిన దినమున, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నా యొద్దకు వచ్చి, వరుస చివర నిలిచియున్న తన రూపమును వ్రేలితో చూపి, "సార్, ఇది నేను కాదు" అని పలికి, చిత్రమును నా బల్లమీద పెట్టి వెడలిపోయినది. ఆ పిల్ల బక్కపలుచనిది. చిత్రమందలి ముఖమో, గుమ్మడిపండువలె ప్రక్కకు సాగియున్నది. ఆ చిత్రమును తీసినవాడను నేనే. కటకము మాత్రము మిత్రుని యొద్ద ఎరువు తెచ్చినది.

ఆ సంగతి ఉపాధ్యాయుల సమావేశమునకు ఎక్కినది. పాఠశాలకు స్వంతముగా ఒక విశాలకోణ కటకమును, అనగా వాడుకలో వైడ్ యాంగిల్ లెన్సు అనుదానిని, కొనవలెనని అందరును అనిరి. "వెల తక్కువగా నుండవలెను, వంకరలు లేకుండవలెను" అను నియమముతో వెదకుపని నాకే అప్పగింపబడినది. నాలుగు మాసములు వెదకి, దొరికినవాటిని పరీక్షించి చూచితిని. నాకు తోచిన యభిప్రాయము సమావేశమువారికి రుచింపకపోవచ్చును; అయినను చెప్పక తప్పదు. మన సామూహిక చిత్రమునకు ఏ కటకమును కొనవలసిన పనిలేదు.

ఎస్.ఆర్. నగరములో నివసించువారికి విశాలకోణముపై మనసు పోవుట సహజమే. ఇచట వెనుకకు జరుగుటకు చోటెక్కడిది? ఇండ్లకెదురుగా ఇండ్లు, రాజవీథికి పోయినచో తలపై మెట్రో వంతెన, ప్రక్కన అమీరుపేట శిక్షణాలయముల పలకలు. మన పాఠశాల యావరణములో మెట్ల నుండి ప్రహరీగోడ వరకు ఇరువదియారు అడుగులకు మించి లేదు. ఇట్టిచోట దగ్గరనే నిలిచి అంతటిని ఇముడ్చుకొను కటకము వరప్రసాదమువలె తోచును. అయితే వంకర యన్న ఒక్క పేరుతో మనము రెండు వేర్వేరు దోషములను పిలుచుచున్నాము. ఒకటి కటకముది. రెండవది మనము నిలిచిన చోటుది. ఈ భేదమెరుగక ధనము వెచ్చించువారు నేడు పెక్కుమంది.

మొదటిది రేఖల వంపు. కాంతిద్వారము కటకమునకు ముందున్నచో సరళరేఖలు పీపా చెక్కలవలె వెలుపలికి ఉబ్బును. వెనుకనున్నచో లోపలికి నొక్కుకొనిపోవును. 1866వ సంవత్సరమున లండనులో డాల్‌మెయరును, మ్యూనిచ్‌లో స్టైన్‌హైలును వేర్వేరుగా దీనికి విరుగుడు కనుగొనిరి. ద్వారమును నడుమ నుంచి, దాని కిరుప్రక్కల ఒకే పోలిక గల కటకములను అమర్చిరి. ఒక ప్రక్క తప్పును రెండవ ప్రక్క తప్పు కొట్టివేసెను. ఎంత చక్కని యుక్తి! బీజగణితములో సమీకరణమున కిరువైపుల నొకే రాశిని కొట్టివేయునప్పటి యానందము నాకు దీనియందు కలుగును.

మరి నేటి కటకములందు ఆ వంపు మరల ఎట్లు వచ్చినది? అద్దపు కెమెరాలలో కటకమునకును చిత్రఫలకమునకును నడుమ అద్దము లేచుటకు చోటు కావలెను. అందుకొరకు 1950లో ఫ్రాన్సుదేశపు ఆంజెన్యూ సంస్థ ముందువైపున పుటాకార కటకము నమర్చి 35 మి.మీ. కటకమొకటి చేసెను. తరువాత అందరును ఆ త్రోవనే నడచిరి. చోటు దొరికినది గాని ఇరుప్రక్కల పోలిక పోయినది. పీపావంపు తిరిగి వచ్చినది. కెమెరాతోపాటు వచ్చు 18-55 జూము కటకమును 18 గుర్తుయొద్ద నుంచి కిటికీని చిత్రించి చూడుడు, చట్రము ఉబ్బియుండును. 24 దాటినపిమ్మట ఉబ్బు చాలవరకు తగ్గును.

కట్టడములను చిత్రించువానికి ఈ వంపు నిజమైన శత్రువు. మన జంటనగరములకు కీర్తి తెచ్చిన రాజా దీన్‌దయాళు (1844–1905) రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివినవాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడు. ఆయన తీసిన ఫలక్‌నుమా చిత్రములలో స్తంభములు తూకపుగుండు పట్టినట్లు నిలిచియుండును. ఆయనకు పెద్ద గాజుపలకలుండెను. వెనుకకు జరుగుటకు మైదానములు నుండెను. ఈ రెండవ భాగ్యమును మనము తరచుగా మరచుచున్నాము.

ఇక ఆ బాలికకు జరిగినది మొదటి దోషము కానే కాదు. నేను వాడిన కటకములో రేఖలు చక్కగనే యున్నవి. ఆమె వెనుకనున్న తలుపు చట్రమునకు స్కేలు పెట్టి చూచితిని. సాగినది ముఖము మాత్రమే. ఏలయన, గుండ్రని వస్తువునుండి కిరణములు చదునైన ఫలకముపై ఏటవాలుగా పడినప్పుడు ఆకృతి ప్రక్కకు సాగక తప్పదు. సాయంకాలమున బంతి నీడ నేలపై సాగుట ఎరుగరా? ఇదియు నట్టిదే. సరళరేఖను సరళముగా నుంచు ప్రతి కటకమును, లక్ష రూపాయలదైనను, ఈ పని చేసియే తీరును.

ఎంత సాగునో త్రికోణమితి తెలిసిన పదవ తరగతి విద్యార్థి లెక్కించగలడు. మా వరుస వెడల్పు ఇరువదినాలుగు అడుగులు. నేను నిలిచినది పండ్రెండు అడుగుల దూరమున. అనగా వరుసలో సగము. చివరివారిని చూచు కోణము 45 డిగ్రీలు. ముఖము ఎత్తున కంటె వెడల్పున 1.41 రెట్లు సాగును. వరుస ఎంత వెడల్పో అంత దూరమున నిలిచినచో సాగుదల 1.12 రెట్లే. ఒకటిన్నర రెట్ల దూరమున నిలిచినచో 1.05, అనగా కంటికి ఆననిది. ఈ లెక్కలో కటకము పేరు గాని వెల గాని ఎచ్చటను రాలేదని గమనింపుడు.

ఇందులో మరియొక చిత్రమైన సంగతి కలదు. పీపావంపు గల కటకము అంచులను కొంత లోపలికి నొక్కును గావున, చివరి ముఖములకు అది మేలే చేయును. ఆ వంపును గణనయంత్రముతో సరిదిద్దితిమా, తలుపు నిలువుగా నిలుచును, ముఖము మరికొంత సాగును. అంచులయందు సరళరేఖయు గుండ్రని తలయు రెండును ఒక్కమారు దక్కవు. వరుసను కెమెరావైపు నెలవంకవలె వంచు మన పాత యలవాటు కూడ ఇచట చెరుపే. చివరివారు దగ్గరకు వచ్చి మరింత పెద్దవారగుదురు. తిన్నని వరుసయే మేలు.

అట్లని విశాలకోణ కటకములు వ్యర్థమని నా వాదము కాదు. తరగతిగదులను, ప్రార్థనామందిరపు లోపలిభాగమును, ప్రయోగశాలను చూపవలెనన్న అవి కావలసినవే. అట్టివానిని వెదకు విద్యార్థులకు నేను చూచినంత చెప్పెదను. జూముకంటె ఒకే నాభ్యంతరము గల కటకములో, వెల సమానమైనప్పుడు, వంపు సాధారణముగా తక్కువ. పెద్ద చిత్రఫలకము గల కెమెరాకు, చేతితో త్రిప్పు పాత నికాన్ 28 మి.మీ. ఎఫ్ 2.8 వంటిది వాడినదైనను మంచి సరకు. చిన్న ఫలకమున్నచో అదే కటకము 42 మి.మీ. దానివలె ఇరుకుగా చూపునని మరువరాదు. శామ్యాంగ్ 14 మి.మీ. చౌకయే గాని, దాని రేఖలు మీసమువలె అలలుగా వంగును. ఆ వంపును దిద్దుట కష్టతరము. లావోవావారి జీరో-డి కటకములు రేఖలను బాగుగ నిలుపును గాని మన సంచికి బరువు. 2021లో వచ్చిన క్యానన్ ఆర్.ఎఫ్. 16 మి.మీ. వంటివానిలో వంపును అట్లే విడిచి కెమెరాలోని గణనచేత సరిచేయుచున్నారు. ఇది మోసమని కొందరందురు. నేననను. అంచులలో కొంత స్పష్టత పోవును, వెల తగ్గును. బేరము తెలిసి చేసినచో తప్పులేదు. పాత కటకములకు డార్క్‌టేబుల్ వంటి ఉచిత సాధనములు ఆ పనినే చేయును.

ఏది కొన్నను అంగడివాని మాటతో తృప్తిపడక, పలకలు పరచిన గోడ కెదురుగా కెమెరాను సూటిగా నిలిపి, పలకల వరుస చిత్రపు పైయంచును ఆనుకొనునట్లు తీసి, స్కేలు పెట్టి చూడుడు. కెమెరాను పైకెత్తి తీసినప్పుడు మేడలు వెనుకకు వ్రాలినట్లగుట వేరు సంగతి. దానికి కటకమును నిందింపకుడు.

మరల మన చిత్రమునకు వత్తము. మన కెమెరా చిన్న ఫలకము గలది. దానితో వచ్చిన 18-55 కటకము బీరువాలో నున్నది. దానిని 24 గుర్తునకు కొంచెము తక్కువగా నుంచినచో వరుస వెడల్పెంతయో అంత దూరమున వరుస నిండుగా ఇముడును. ఇరువదినాలుగు అడుగుల వరుసకు మన యావరణము బొటాబొటిగా చాలును. అదే వరుసను పదునారు అడుగులకు కుదించి, వెనుకవారిని మెట్టుబల్లలపై నిలిపినచో, ఇరువదినాలుగు అడుగుల దూరము ఒకటిన్నర రెట్లగును. కటకమునకై కేటాయించిన సొమ్ములో కొంతతో వడ్రంగిచేత మూడు మెట్టుబల్లలు చేయించుకొనవచ్చును. అవి పాటల పోటీలకును పనికివచ్చును.

మెట్టుబల్లలకు బదులు రెండు భోజనపు బల్లలు వేసి, పదవ తరగతివారిని నిలిపి, మొన్న ఒక చిత్రము తీసితిని. దానిని, గత సంవత్సరపు చిత్రమును ప్రక్కప్రక్కన ఉపాధ్యాయుల గదిలో గోడకు అంటించియుంచితిని. కటకమును కొనితీరవలెనను మిత్రులు వచ్చే సమావేశమునకు ముందుగా వానిని చూడగోరెదను. స్కేలు క్రిందనే మేకుకు వ్రేలాడుచున్నది.