ఆఖరివాడు వచ్చేదాకా

ఈ సంచికలో క్రీడల పేజీ వేరే వుంది. అంతర్ కళాశాలల పోటీల్లో కప్పులు తెచ్చిన మిత్రుల పేర్లు, ఫోటోలు అక్కడ వుంటాయి. వారందరికీ నా అభినందనలు. ఈ వ్యాసం రాస్తున్నవాడు మాత్రం ఇంతవరకు ఒక్క కప్పు తెచ్చిన పాపాన పోలేదు. ఎక్కడైనా రోడ్డు పరుగు పందెం పెడితే పేరిచ్చి, నూటికి పైబడ్డ నంబరులో గమ్యం చేరి, వాళ్లిచ్చిన అరటిపండు తిని, బస్సెక్కి రూముకు తిరిగి వచ్చే రకం. అయితే గెలవనివాడికి కూడా ఒక అభిప్రాయమంటూ వుంటుంది కదా! ఒక పరుగు పందెం మంచిదో కాదో తెలుసుకోవాలంటే ఆఖరున వచ్చినవాడికి అక్కడ ఏం జరిగిందో అడిగి తెలుసుకోవాలి. నా అభిప్రాయం ఇంతే. ఇది నాకెలా కలిగిందో చెబుతాను.

నేను శాలిబండలో రూము తీసుకుని వుంటున్నాను. రెండో సంవత్సరం పరీక్షలప్పుడు నిద్రపట్టక తెల్లవారుజామున లేచి నడవడం మొదలుపెట్టాను. ఆ నడకే కొన్నాళ్లకు పరుగైంది. పాతబస్తీలో పరిగెత్తాలంటే ఫజర్ నమాజు వేళకే బయటపడాలి. అప్పుడు శాలిబండ నుంచి చార్మినార్ దాకా రోడ్డంతా మనదే. ఊడ్చేవాళ్లు, పాలబండ్లు, ఇరానీ హోటలు ముందు చాయ్ కోసం నిలబడ్డ ఇద్దరు ముగ్గురు, మనల్ని చూసి నిజంగానే ఎవరో తరుముతున్నారని భ్రమపడే కుక్కలు, అంతే. ఎనిమిది దాటిందంటే పరుగు మాట దేవుడెరుగు, నడవడానికే ఒడుపు కావాలి. దగ్గరలో వున్న కాస్త ఖాళీ జాగా క్రికెట్ ఆడే పిల్లలకే చాలదు. 1591లో చార్మినార్ కట్టినప్పుడు నాలుగు దిక్కులకు నాలుగు బాటలు వేశారట. నాలాంటివాడికి ఆ బాటలే మైదానం.

మా నాయినకు ఇదంతా మొదట మింగుడు పడలేదు. మాది వ్యవసాయం. పొద్దున లేస్తే పొలం, పొద్దుగూకితే పశువులు. మొదటిసారి పందేనికి రుసుం కట్టానని చెబితే ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఉరుకుడుకు పైసలు కట్టుడేందిరా? నిన్నెవడన్న తరుముతున్నడా?" అన్నాడు. ఆయన తప్పు లేదు. రోజంతా దుక్కిలో నడిచే మనిషికి ఒళ్లు అలిసిపోవడం కోసం పైసలు కట్టడం వింతగానే వుంటుంది. 2024లో వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి, వ్యవసాయ కూలీల బిడ్డ, పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం తెచ్చింది. ఆమె ఫోటో పేపర్లో చూసిన తరువాత నాయిన ప్రశ్న మారింది. "ఎందుకు ఉరుకుతున్నవ్" అనడం మానేసి, "ఎన్నో నంబరు వచ్చినవ్" అని అడగసాగాడు. నాకు ఆ ప్రశ్న మొదటిదానికంటే కష్టమైంది.

తెల్లవారుజాము పరుగులోనే నాకొక చాచా పరిచయమయ్యాడు. చార్మినార్ దగ్గర తోపుడుబండి మీద పళ్లు అమ్ముకుంటాడు. వయస్సు అరవైకి దగ్గర. షుగరు వుంది, నడవమని డాక్టరు చెప్పాడట. పొద్దంతా బండి నెట్టుకుంటూ నడిచేవాణ్ణి ఇంకా ఏం నడవమంటాడని నవ్వుకుని, సరే అదీ చూద్దామని మెల్లగా పరిగెత్తడం మొదలుపెట్టాడట. కాన్వాసు బూట్లు, పైజామా, తలకు రుమాలు. నేను రెండుసార్లు ఆయన్ను దాటిపోయేలోపు ఆయన ఒకసారి చార్మినార్ చేరతాడు. దాటినప్పుడల్లా "ఆహిస్తా, బేటా" అని హెచ్చరిస్తాడు.

నిరుడు చలికాలంలో ఒక ఆదివారం పాతబస్తీలోనే పది కిలోమీటర్ల పరుగు పెట్టారు. చార్మినార్ ముందు మొదలై, శాలిబండ మీదుగా ఫలక్‌నుమా వైపు పోయి తిరిగి రావాలి. చాచాకు చెప్పి, ఆయన పేరు నా ఫోనులోంచి నేనే నమోదు చేశాను. ఆయన ఆ పూట బండి పెట్టడం మానుకున్నాడు. గుండెల మీద నంబరు పిన్నీసులతో పెట్టుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

నేను యాభై ఎనిమిది నిమిషాల్లో తిరిగి వచ్చాను. ఫలక్‌నుమా ఎక్కుడులో కాళ్లు పట్టేసినా నా మట్టుకు అది మంచి కాలమే. మెడలో పతకం వేశారు. ఉప్మా, అరటిపండు ఇచ్చారు. ఫుట్‌పాత్ మీద కూర్చుని మిత్రులతో ఎవరు ఎన్ని నిమిషాల్లో వచ్చారో లెక్కలు చెప్పుకున్నాం. గంటన్నర అయ్యేసరికి గాలి నింపిన కమాను దించేశారు. బారికేడ్లు లారీకెక్కాయి. మిగిలిన పతకాలు డబ్బాలో పెట్టి కట్టేశారు. మైకు ఆగింది. ట్రాఫిక్ వదిలారు.

మరో పది నిమిషాలకు చాచా వచ్చాడు. ఆటోల పక్కనుంచి, రోడ్డు అంచున, అదే ఆహిస్తా పరుగుతో. నంబరు ఇంకా గుండెల మీదే వుంది. మా దగ్గరికి వచ్చి ఆగి, కింద అటూ ఇటూ చూసి, "లైన్ కహాఁ హై, బేటా?" అన్నాడు. గీత ఎక్కడుందని! నేను లేచి, సుమారుగా కమాను వున్నచోటు చూపించాను. ఆయన అక్కడిదాకా పరిగెత్తి, రెండడుగులు అవతలికి వేసి, అప్పుడు నిలబడి ఊపిరి తీసుకున్నాడు. ఎవరినీ ఏమీ అనలేదు. పైగా, వాళ్లకూ ఇళ్లూ వాకిళ్లూ వుంటాయి కదా అని వాళ్ల తరఫున సమాధానం కూడా ఆయనే చెప్పాడు.

ఆ నిర్వాహకుల పేరు ఇక్కడ అనవసరం. ఎందుకంటే తప్పు వాళ్లొక్కరిదే కాదని ఆ రాత్రి నాకు తెలిసింది. యథాప్రకారం నాయినకు ఫోను చేసి, నంబరు చెప్పి, చాచా సంగతి కూడా చెప్పాను. నాయిన అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు. "మరి నువ్వు ఎనుకకు పోలేదా?"

నా దగ్గర జవాబు లేదు.

నగరంలో పుట్టిన మిత్రుల కోసం ఈ మాట కొంచెం వివరించాలి. మా ఊళ్లో కలుపు తీసేటప్పుడు, వరి కోసేటప్పుడు ఆడవాళ్లు వరుసగా మునుం పట్టి పోతారు. ఒకామె చెయ్యి వడి, ఇంకొకామెది నిదానం. బాలింత వుంటుంది, ముసలమ్మ వుంటుంది. వడిగా పోయినామె అవతలి గట్టు చేరి కాళ్లు చాపుకుని కూర్చోదు. వెనక్కి తిరిగి, వెనకబడ్డామె మునుంలో ఎదురు పట్టుకుని వస్తుంది. ఇద్దరూ కలిసినచోట ఆ మునుం అయిపోతుంది. అందరి మునుం అయిన తరువాతనే సద్దిమూటలు విప్పుతారు. వరికోతకు యిప్పుడు మిషన్లు వచ్చాయి గానీ కలుపు దగ్గర ఈ పద్ధతి యింకా వుంది. మా అమ్మ అట్లా వెనక్కి తిరగడం చిన్నప్పటినుంచి చూసినవాణ్ణే. మెడలో పతకం పడేసరికి ఫుట్‌పాత్ మీద కూర్చుని ఉప్మా తిన్నాను!

"వెనకబడ్డవాడు తక్కువ కష్టపడ్డాడు, అందుకే వెనకబడ్డాడు" అని మనలో చాలామందికి ఒక నమ్మకం. సైన్సు చదువుతున్నవాడిగా ఈ నమ్మకం తప్పని చెప్పగలను. పరుగులో కిలోమీటరుకు ఖర్చయ్యే శక్తి వేగంతో పెద్దగా మారదు. శరీరం బరువులో ప్రతి కిలోకూ, పరిగెత్తిన ప్రతి కిలోమీటరుకూ దాదాపు ఒక కిలోకేలరీ. వేగంగా పోయేవాడు అదే శక్తిని తక్కువ సమయంలో ఖర్చు పెడతాడు, అంతే తేడా. నా బరువు అరవై కిలోలు, చాచాది డెబ్బై వుంటుంది. లెక్క ప్రకారం ఆ రోజు నేను ఆరువందలు ఖర్చు పెడితే ఆయన ఏడువందలు ఖర్చు పెట్టాడు. పైగా నాకంటే నలభై నిమిషాలకు పైగా ఎక్కువసేపు రోడ్డు మీద వున్నాడు. పతకం ఇచ్చింది నాకు!

క్రీడాలోకం కూడా ఈ సంగతి ఎరగనిది కాదు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో జపాన్ దేశస్థుడు కనకురి షిజో ఎండకు తాళలేక మధ్యలోనే ఆగిపోయి, నిర్వాహకులకు చెప్పకుండా స్వదేశం వెళ్లిపోయాడు. 1967లో స్వీడన్ వాళ్లు ఆయన్ను పిలిపించి ఆ పరుగు పూర్తి చేయించారు. అప్పటికాయన వయస్సు 75. పట్టిన కాలం 54 సంవత్సరాల 8 నెలల 6 రోజుల చిల్లర అని ప్రకటించారు. ఒక మనిషి కోసం అర్ధశతాబ్దం తరువాత గీత మళ్లీ గీశారన్న మాట. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో టాంజానియాకు చెందిన జాన్ స్టీఫెన్ అఖ్వారి పడి మోకాలు దెబ్బతిని, కట్టు కట్టించుకుని, గెలిచినవాడి తరువాత గంటకు పైగా ఆలస్యంగా, అందరికన్నా ఆఖరున స్టేడియంలోకి వచ్చాడు. ఆ రోజు గెలిచిన ఇథియోపియా వీరుడు మామో వోల్డే కంటే అఖ్వారి పేరే ఎక్కువమందికి జ్ఞాపకం.

"బాగానే వుందయ్యా, మరి రోడ్డు ఎంతసేపు మూసివుంచాలి? ఆస్పత్రికి పోయేవాడు, దుకాణం తెరుచుకునేవాడు ఏమైపోవాలి?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందులోనూ మదీనా, పత్తర్‌గట్టీ ప్రాంతాల ఇరుకు తెలిసినవాళ్లు తప్పకుండా అడుగుతారు. గడువు వుండకూడదని నేను అనడం లేదు. దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న కామ్రేడ్స్ పరుగు సుమారు 90 కిలోమీటర్లు. గడువు పన్నెండు గంటలు. గడువు తీరగానే తుపాకీ పేలుస్తారు. ఒక్క సెకను ఆలస్యమైనా ఒప్పుకోరు. అయితే ఆ గడువు అందరికీ ముందే తెలుసు. ఆ ఆఖరి సెకను దాకా గీత గీతగానే వుంటుంది. చివరి నిమిషాల్లో వచ్చేవాళ్లను చూడటానికే జనం విరగబడతారు. మా పరుగు కాగితంలో గడువు అన్న మాటే లేదు. నిర్వాహకులకు విసుగు పుట్టిందే గడువు అయింది.

నగరంలో పెద్ద పరుగు లేకపోలేదు. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ హుసేన్‌సాగర్ ఒడ్డున మొదలై గచ్చిబౌలిలో ముగుస్తుంది. 42.195 కిలోమీటర్ల ఆ దూరం ఎప్పటికైనా పరిగెత్తాలని నాకూ కోరికే. కానీ ఆదివారం తెల్లవారకముందే శాలిబండ నుంచి అక్కడికి చేరడమే ఒక పందెం. చాచా లాంటివాళ్లు అంతదూరం పోరు. వాళ్ల వీధిలోకి పరుగు రావాలి.

కాబట్టి మన విద్యార్థి సంఘానికి నా విన్నపం. వచ్చే సంవత్సరం వార్షికోత్సవాల్లో భాగంగా పాతబస్తీలో అయిదు కిలోమీటర్ల పరుగు పెడదాం. చార్మినార్ నుంచి హుస్సేనీఆలం మీదుగా పురానాపూల్ దాకా పోయి తిరిగి రావచ్చు. 1578లో కట్టిన ఆ వంతెన చార్మినార్ కంటే పెద్దదని పరిగెత్తేవాళ్లకు తెలియడం కూడా ఒక లాభమే. రుసుం చాయ్ డబ్బులకు మించరాదు. ఖరీదైన పతకాలు, టీషర్టులు అక్కర్లేదు. మన లేబొరేటరీ స్టాప్‌వాచీలు, సున్నంతో గీసిన గీత, చేతిరాత సర్టిఫికెట్లు చాలు. ఎన్.ఎస్.ఎస్., ఎన్.సి.సి. మిత్రులు కూడళ్ల దగ్గర నిలబడితే పోలీసువారి పని కూడా తేలికవుతుంది. ఒంటరిగా పరిగెత్తడానికి ఇంట్లో ఒప్పుకోని చెల్లెళ్లు, అక్కలు ఇలాంటి రోజైనా నిర్భయంగా రోడ్డెక్కుతారు. గడువు గంటా పదిహేను నిమిషాలని ముందే కాగితం మీద అచ్చువేద్దాం. అంటే గంటకు నాలుగు కిలోమీటర్లు. మామూలు నడక నడవగలిగిన ఎవరైనా చేరగల వేగం. పొద్దు పొడిచేవేళ మొదలుపెడితే దుకాణాలు తెరవకముందే రోడ్డు అప్పగించవచ్చు.

ఒక్క షరతు మాత్రం పెడుతున్నాను. మొదట చేరినవాళ్లు పళ్లెం పట్టుకుని కూర్చోరాదు. నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, వెనక్కి తిరగాలి. వెనక వస్తున్నవాళ్లకు ఎదురుపోయి వాళ్లతో కలిసి మళ్లీ రావాలి. ఆఖరి మనిషి గీత దాటాకనే అందరికీ ఉప్మా.

ఇలా వెనక్కి తిరిగేవాళ్ల జాబితాలో మొదటి పేరు నాది రాసుకోండి. చాచాకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. సంఘం వారు తేదీ ఖాయం చేసిన రోజున చెబుతాను.