కొన్న పుస్తకం మనదేనా?

మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి భిలాయి ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడిగా పనిచేశారు. నేను చదివిన పదో తరగతి పుస్తకాలు అంతకుముందు మా బస్తీలో ఇద్దరు చదివినవే. నా తర్వాత చెల్లి చదివింది. మా వాడల్లో చదువు ఇలా చేతులు మారుతూనే నడిచింది.

నిరుడు ఫెలోషిప్ డబ్బుతో పరిశోధనకు అవసరమైన ఈ-బుక్ ఒకటి కొన్నాను. బటన్ మీద 'కొనండి' అనే ఉంది. కొన్ని నెలలకు అది నా ఖాతాలోంచి మాయమైంది, రాసుకున్న నోట్సుతో సహా. అడిగితే, మీరు కొన్నది పుస్తకం కాదు, చదువుకునే లైసెన్సు మాత్రమే అన్నారు.

ఇది నా ఒక్కరి గోడు కాదు. 2009లో అమెజాన్, తగిన హక్కులు లేని సంస్థ అమ్మిందంటూ ఆర్వెల్ '1984' ప్రతులను పాఠకుల కిండిల్స్‌లోంచి తొలగించింది. 2019లో మైక్రోసాఫ్ట్ ఈ-బుక్ దుకాణం మూసేస్తే, అక్కడ కొన్న పుస్తకాలూ పోయాయి. వాళ్లు డబ్బు వెనక్కి ఇచ్చారు. నాకు అదీ రాలేదు.

మన చట్టం పూర్తిగా చేతులెత్తేయలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం డిజిటల్ ఉత్పత్తులను ఈ-కామర్స్‌లో చేర్చింది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. నాకైతే పక్కనే దుర్గ్. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందుగా హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

కానీ అసలు మోసం మాటలోనే ఉంది. 2023లో కేంద్రం 13 రకాల 'డార్క్ ప్యాటర్న్స్'ను నిషేధించింది. 'కొనండి' అని చెప్పి లైసెన్సు ఇవ్వడం ఆ జాబితాలో విడిగా లేదు. కాలిఫోర్నియాలో మాత్రం, అమ్మేది లైసెన్సే అయితే ఆ సంగతి కొనేముందే స్పష్టంగా చెప్పాలనే చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

ఈ-బుక్ చవక కదా అంటారు. అద్దె కూడా చవకే. అద్దె అయితే అద్దె అనే చెప్పాలి. డబ్బున్నవాళ్లు పోయిన పుస్తకాన్ని మళ్లీ కొనుక్కుంటారు. ఇంట్లో మొదటిసారి పుస్తకం పట్టిన పిల్లకు ఆ వీలు లేదు. బాబాసాహెబ్ దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నప్పుడు తన పుస్తకాలకు చోటు చూసుకున్నారు. ఆయన పుస్తకాలను ఏ కంపెనీ రాత్రికి రాత్రి తీసేయలేదు.

అందుకే అడుగుతున్నాను. లైసెన్సు అయితే బటన్ మీదే రాయాలి. పుస్తకం తీసేస్తే డబ్బు, నోట్సు రెండూ తిరిగివ్వాలి. పూర్తి ధర కట్టిన పుస్తకాన్ని చెల్లి చేతికి ఇచ్చే హక్కు ఉండాలి. మన యూనివర్సిటీ విద్యార్థి సంఘాలు ఫెలోషిప్పుల కోసం పోరాడుతున్నాయి. ఆ ఫెలోషిప్పుతో కొన్న పుస్తకం కోసమూ పోరాడాలి.