పన్ను మనది, బీరువా తాళం ఎవరిది?

ఇంటి పన్ను రసీదు ఒకటి తీసి చూడండి. నీటి పన్ను, దీపాల పన్ను అంటూ సాగే వరసలో ఎక్కడో కింద గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు కనిపిస్తుంది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. ఏడాదికి 2,500 రూపాయల పన్ను కట్టే కుటుంబం దాని మీద మరో 200 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తోందన్నమాట. ఒక మంచి నవల కొనుక్కోవడానికి సరిపడే సొమ్ము అది. రేకుల ఇంట్లో ఉండేవాళ్లూ ఇస్తున్నారు, అపార్టుమెంటులో ఉండేవాళ్లూ ఇస్తున్నారు. జన్మలో ఒక్కసారి కూడా గ్రంథాలయం గడప తొక్కనివాళ్లూ ఇస్తున్నారు. ఇది పాలకులు దయతలచి విదిల్చే గ్రాంటు కాదు. పుస్తకాల కోసమని పేరు పెట్టి మరీ మన దగ్గర వసూలు చేస్తున్న డబ్బు.

ఈ లెక్క ముందుగా చెప్పడానికి కారణం ఉంది. గ్రంథాలయం ఊసెత్తితే చాలు, అదేదో సర్కారు పెట్టిన ధర్మసత్రమన్నట్టు మాట్లాడుతున్నారు. నిధులు లేవంటారు. ఈ రోజుల్లో ఎవరు చదువుతున్నారంటారు. ఏ పుస్తకం కొనాలో, ఏది వద్దో తామే తేలుస్తామంటారు. మూడు మాటలూ తప్పే. మొదటి రెండింటి వల్ల గ్రంథాలయం చిక్కిపోతుంది. మూడోదాని వల్ల అది గ్రంథాలయం కాకుండా పోతుంది.

తెలుగునాట గ్రంథాలయాన్ని ఏ ప్రభుత్వమూ పుట్టించలేదు. జనం పుట్టించారు. 1901 సెప్టెంబర్ 1న కొమర్రాజు లక్ష్మణరావు, నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు పూనుకుని హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం తెరిచారు. సర్కారు కొలువంతా ఉర్దూలో నడిచే రాజ్యంలో తెలుగు చదువరికి ఒక నీడ దొరికింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. ఇటు 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఊరూరి గ్రంథాలయాలవాళ్లు సమావేశమయ్యారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడ పుట్టింది. దాని వెనక ఉన్న మనిషి అయ్యంకి వెంకటరమణయ్య. ఆయన బతుకంతా ఆ పనికే ధారపోశారు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనానికి 1929లో గాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. అక్కడ దాచిన పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ వెతుక్కుంటూ వెళతారు.

ఇక పాతూరి నాగభూషణం చేసిన పని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. 1935లో ఆయన పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పడవ రేవు రేవునా ఆగేది. చదివిన పుస్తకం తీసుకుని కొత్తది ఇచ్చేవారు. పడవెక్కిన ప్రయాణికులు దారి పొడుగునా చదువుకునేవారు. ఏ మంత్రీ పచ్చజెండా ఊపలేదు, ఏ నాయకుడి బొమ్మా పడవకు అతికించలేదు. అయినా పుస్తకం మనిషి ఉన్నచోటికి వెళ్లింది.

ఆ పనిని పాలకులు ఎప్పుడూ అనుమానంగానే చూశారు. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే ముందస్తు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఆ ఉత్తర్వు అమల్లో ఉన్న రోజుల్లో నలుగురు ఒకచోట చేరి తెలుగు పత్రిక చదివినా అధికారులు ఆరా తీసేవారు. మద్రాసు ప్రభుత్వం ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని నిషేధించింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాకగానీ ఆ నిషేధం పోలేదు. ఇవాళ ఆ నవల గురించి విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్నారు, దాని మీద పీహెచ్‌డీలు చేస్తున్నారు. అప్పుడు దాన్ని ప్రమాదమనుకున్న అధికారి పేరు ఎవరికీ గుర్తులేదు. పుస్తకం మాత్రం నిలబడింది. ఎవరో ఒకరు దాచారు, ఎవరో ఒకరు చేతులు మార్చారు, ఎవరో ఒకరు చదివారు కాబట్టి నిలబడింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ కష్టానికి చట్టం తోడైంది. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. జిల్లాకో గ్రంథాలయ సంస్థ, దానికి విడిగా పన్ను. ఆ ఆలోచన ఎంత ముందుచూపు ఉన్నదో ఇవాళ మరింత బాగా తెలుస్తోంది. పుస్తకాల కోసం ఏటా సచివాలయం చుట్టూ తిరగక్కర లేకుండా గ్రంథాలయానికి సొంత ఆదాయం ఉండాలి. సొంత ఆదాయం ఉంటేనే సొంత మాట ఉంటుంది. రాష్ట్రం రెండయ్యాక తెలంగాణలోనూ ఈ పద్ధతే కొనసాగింది.

ఆ ఏర్పాటుకు రెండు వైపులా గండి కొట్టారు. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన గ్రంథాలయ పన్నును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల ఆ సొమ్ము మిగతా ఖర్చుల్లో కలిసిపోతుంది. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోతాయి. గ్రంథాలయ సంస్థ తన డబ్బు కోసం తానే అర్జీలు పెట్టుకుంటూ తిరుగుతుంది. వసూలైంది పుస్తకం పేరు మీద. చేరింది మరో చోటికి.

రెండోది కుర్చీ. జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్‌ను నియమించేది ప్రభుత్వం. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ కుర్చీ నామినేటెడ్ పదవుల జాబితాలో ఒకటి. ఎన్నికల్లో టికెట్ దక్కనివారికి, పార్టీకి పనిచేసినవారికి సర్దుబాటు చేసే చోటు. ప్రభుత్వం మారగానే పాత చైర్మన్ దిగిపోతారు, కొత్తవారు ప్రమాణం చేస్తారు, ఊరంతా ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఆ కుర్చీలో కూర్చున్నవారిలో పుస్తకమంటే ప్రాణమిచ్చేవారు లేరని అనను, ఉన్నారు. కానీ వారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది పుస్తకం మీద ప్రేమను చూసి కాదు. ఇచ్చిన చేయి ఎటు చూపిస్తే అటే చూడాల్సిన పరిస్థితి వారిది. ఆ చూపు చివరికి పడేది పుస్తకాల బీరువా మీదే.

అది ఎలా పడుతుందో నేను దగ్గరగా చూశాను. మా ప్రాంతంలో ఒక శాఖా గ్రంథాలయం. ఇంటర్ చదివే అమ్మాయి వచ్చి, “సార్, చలం పుస్తకాలు ఉన్నాయా?” అని అడిగింది. అక్కడున్న ఉద్యోగి అటూ ఇటూ చూసి, “ఉన్నాయమ్మా, కానీ బయట పెట్టం. ఎవరన్నా చూసి పైన చెప్పారంటే నా మెడకు చుట్టుకుంటుంది” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఔట్‌సోర్సింగ్ మీద పనిచేస్తూ, నెల జీతం వేళకు పడితే చాలనుకునే మనిషి. ఆయన చేతిలో ఏ నిషేధపు ఉత్తర్వూ లేదు. ఎవరూ ఆయనకు ఫోన్ చేసి బెదిరించలేదు. అయినా బీరువాకు తాళం పడింది. ఆ అమ్మాయి ఉద్యోగ పరీక్షల మాసపత్రిక ఒకటి తిరగేసి వెళ్లిపోయింది.

నా బాధంతా ఇక్కడే ఉంది. నిషేధానికైతే ఒక కాగితం ఉంటుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 98వ సెక్షన్ కింద ప్రభుత్వం ఒక పుస్తకాన్ని జప్తు చేయాలంటే కారణాలు రాసి నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆ కారణాల మీద రెండు నెలల్లోగా హైకోర్టుకు పోవచ్చు. 2025 ఆగస్టులో జమ్మూకశ్మీర్ హోంశాఖ ఒక్క దెబ్బకు 25 పుస్తకాలను జప్తు చేసింది. వాటిలో అరుంధతీ రాయ్, ఏ.జి. నూరాని రాసినవి ఉన్నాయి. పోలీసులు పుస్తకాల దుకాణాలు సోదా చేశారు. అది అన్యాయమే, కానీ కళ్లెదుట జరిగిన అన్యాయం. దేశమంతా మాట్లాడింది, జనం కోర్టుకెక్కారు. మన దగ్గర 2017లో కంచ ఐలయ్య పుస్తకాన్ని నిషేధించమని కొందరు సుప్రీంకోర్టుకు వెళితే కోర్టు ఒప్పుకోలేదు. అంతకు ముందు ఏడాది పెరుమాళ్ మురుగన్ కేసులో మద్రాసు హైకోర్టు, పుస్తకం నచ్చనివారు దాన్ని చదవకుండా పక్కన పెట్టవచ్చు తప్ప రచయిత నోరు మూయించకూడదనే అర్థంలో తీర్పు చెప్పింది. కోర్టు దాకా వెళ్లిన పుస్తకానికి ఇలా అండ దొరికే అవకాశం ఉంది.

కొనకుండా వదిలేసిన పుస్తకానికి ఏ కోర్టు ఉంది? ఎంపిక జాబితాలో చేరని పుస్తకానికి, చేరినా అట్టపెట్టె విప్పని పుస్తకానికి, బీరువా వెనక వరసలోకి నెట్టేసిన పుస్తకానికి నోటిఫికేషన్ ఉండదు. కారణం రాయరు, సంతకం ఉండదు, తేదీ ఉండదు. కాబట్టి సవాలు చేయడానికీ ఏమీ ఉండదు. చదివే స్వేచ్ఛకు మన దగ్గర జరుగుతున్న నష్టంలో ఎక్కువ భాగం ఇలా చడీచప్పుడూ లేనిదే. అందుకే దాని మీద ధర్నాలు జరగవు, పతాక శీర్షికలు రావు.

ఎవరు చదువుతున్నారని అడిగేవారు ఒకసారి హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లండి. పొద్దున్నే వచ్చి చోటు పట్టుకునే పిల్లలను చూడండి. పక్కన టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, మోచేతి కింద గ్రూప్స్ నోట్సు. పాలమూరు నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చి ఇరుకు గదుల్లో అద్దెకుండే పిల్లలకు ఈ మహానగరంలో డబ్బులడగకుండా కూర్చోనిచ్చే చోటు అది. వాళ్ల ముందున్న పుస్తకాల్లో చాలావరకు సొంత డబ్బుతో కొనుక్కున్నవే. గ్రంథాలయం వాళ్లకు కుర్చీ ఇస్తోంది, ఫ్యాన్ ఇస్తోంది, పుస్తకం ఇవ్వలేకపోతోంది. ఎన్నికల ముందు నాయకులు వచ్చి వాళ్ల మధ్య కూర్చుని ఫొటోలు దిగుతారు. ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఆ పిల్లలే గొంతెత్తిన రోజున గేటు దగ్గర పోలీసులు ఉంటారు.

అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కదా అంటారు మరికొందరు. ఫోన్ చూపించేది మనం నిన్న ఏం చూశామో దాన్ని బట్టి. మనకు నచ్చినదాన్నే మళ్లీ మళ్లీ తెచ్చి పెడుతుంది. గ్రంథాలయంలో రామాయణ కల్పవృక్షం పక్కనే రామాయణ విషవృక్షం ఉండగలదు. జాషువా ఉన్న వరసలోనే ఆయనతో ఏకీభవించనివారూ ఉండగలరు. పదహారేళ్ల పిల్ల ఆ రెండూ చదివి తన బుద్ధితో తాను తేల్చుకోగలదు. ఆ అవకాశం డబ్బున్న ఇళ్లలో పిల్లలకు ఎలాగూ ఉంది, కొనుక్కుంటారు. లేనివాళ్ల పిల్లలకు ఊరి గ్రంథాలయం తప్ప వేరే దిక్కు లేదు. బీరువాకు తాళం వేస్తే ముందుగా నష్టపోయేది వాళ్లే.

పిల్లలు చెడిపోతారన్న భయం తల్లిదండ్రులకు సహజం. దాన్ని నేను తీసిపారేయను. తమ పిల్ల ఏం చదవాలో తల్లిదండ్రులు ఇంట్లో మాట్లాడుకోవచ్చు. ఊరందరి పిల్లల తరఫున ఒక పార్టీవాళ్లో, ఒక కులసంఘంవాళ్లో తేల్చే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఇవాళ మనకు నచ్చని పుస్తకాన్ని మనవాళ్లు తీయిస్తే చప్పట్లు కొడతాం. రేపు అవతలివాళ్లు అధికారంలోకి వచ్చి మనకు ప్రాణమైన పుస్తకం తీయిస్తే అడగడానికి మనకు నోరుండదు.

నేను అడుగుతున్నవి గొంతెమ్మ కోరికలు కావు. గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అన్న లెక్క ప్రతి పంచాయతీ, మున్సిపాలిటీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. వసూలైన సొమ్ము నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడాలి. చైర్మన్ పదవి పాఠకులకు, రచయితలకు, ఉపాధ్యాయులకు, గ్రంథాలయ శాస్త్రం చదివినవారికి దక్కాలి. ప్రభుత్వం మారితే ఆగిపోని కాలపరిమితి దానికి ఉండాలి. పుస్తకాల ఎంపిక కమిటీలో ఎవరున్నారో, ఏ పుస్తకాలు తీసుకున్నారో, ఏవి ఎందుకు వద్దన్నారో అందరికీ తెలియాలి. రాతపూర్వకమైన ఉత్తర్వు, అందులో కారణం లేకుండా ఒక్క పుస్తకం కూడా బీరువాలోంచి కదలకూడదు. ఏళ్లుగా ఖాళీగా ఉన్న గ్రంథపాలకుల పోస్టులు భర్తీ చేయాలి. పాఠకుడు అడిగిన పుస్తకం ఇచ్చినందుకు ఉద్యోగికి భయం ఉండకూడదు, రక్షణ ఉండాలి.

పాఠకులకూ ఒక మాట. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఉపన్యాసాలు విని చప్పట్లు కొట్టి వచ్చేయకండి. మీ ఇంటి పన్ను రసీదు పట్టుకుని మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లండి. మీకు కావలసిన పుస్తకం పేరు చెప్పండి. లేదంటే ఎందుకు లేదో కాగితం మీద రాసివ్వమని అడగండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. ఊరికి యాభై మంది అడిగితే కారణం రాయక తప్పదు. కారణం రాసిన రోజున దాన్ని ప్రశ్నించడానికి మనకు దారి దొరుకుతుంది. ఆ గది కట్టింది మన పెద్దలు, నడుపుతున్నది మన డబ్బు. అందులో ఏం చదువుకోవాలో తేల్చుకునే హక్కు కూడా మనదే. దాన్ని ఏ కుర్చీకీ వదిలిపెట్టం.