నీళ్ల లెక్క కూడా చదువే

ఇంట్లో బియ్యం ఎన్నాళ్లకొస్తాయో ఏ ఇల్లాలినడిగినా తడుముకోకుండా చెబుతుంది. అదే ఇల్లాలిని, మీ ఊరి నేలలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, ఎండాకాలం దాకా వస్తాయా అని అడగండి. చెప్పలేదు. ఆవిడేం ఖర్మ, అప్పుచేసి బోరు వేయించిన ఇంటాయనా చెప్పలేడు. తెలివి లేక కాదు, ఆ లెక్క మనకెవరూ నేర్పలేదు.

నేర్పితే ఏమవుతుందో మన దగ్గరే తేలింది. రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకమొకటి 2003లో, నెదర్లాండ్స్ సాయంతో, ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడు నిలిచింది. ఆ ఏడింటిలో అప్పటి మన నల్గొండ జిల్లా ఒకటి. రైతులు, వారిలో ఆడవాళ్లు కూడా, రోజూ పడ్డ వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం చూశారు. యాసంగికి ముందు అంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావలసినవెన్ని అని జమాఖర్చు కట్టారు. వరి వేయొద్దని ఎవరూ శాసించలేదు. లెక్క చూశాక చాలామంది తామే ఆరుతడి పంటలకు మళ్లారు. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా ఈ పద్ధతిని మెచ్చుకుంది.

సాగర్ ఎడమ కాల్వ పక్కనున్న కోదాడ, మిర్యాలగూడ వాళ్లకు ఈ గొడవెందుకంటారా? కాల్వకు 1967లో నీళ్లొదిలిన మాట నిజమే. కానీ జలాశయం నిండని ఏడు అందరి చూపూ బోర్ల మీదే కదా! పొలం ఎండితే అప్పు, అప్పు తీర్చడానికి మొదట తాకట్టుకు పోయేది మన మెడలోని బంగారమే. బోరు ఎక్కడ వేయాలి, ఎంత లోతు వేయాలి అన్నప్పుడు మాత్రం మనల్ని అడిగేవారుండరు.

ఇవాళ చదువుకునే పిల్లలే సేవాసంస్థలు పెట్టి, సెన్సర్లతో, ఫోన్లతో నీటి ఎద్దడి తీర్చాలని ముందుకొస్తున్నారు. సంతోషం. మన అనంతగిరిలోనే ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఆ పిల్లలకు నాదొక్కటే మనవి. బాబూ, అమ్మాయీ, పరికరం బిగించి ఫొటో దిగి వెళ్లిపోకండి. అది చూపే అంకె ఏమిటో ఊరి ఆడవాళ్లకు, బడిపిల్లలకు తెలుగులో చెప్పండి. అది పాడైతే బాగుచేసుకోవడం ఊళ్లో ఇద్దరికైనా నేర్పండి. లేకపోతే మీ చదువు పూర్తయిన రోజే ఆ పరికరమూ మూలపడుతుంది.

చదువురాని వాళ్లకు ఇవన్నీ అర్థమవుతాయా అని సందేహపడకండి. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పున్న డాబా మీద పది మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 370 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెలైతే దాదాపు పాతిక! ఇలా బిందెల్లో చెబితే అర్థంకాని ఆడది ఉంటుందా?

ఈ వానాకాలం బడి గోడ మీద ఓ నల్లబల్ల పెట్టించండి. నిన్న పడ్డ వాన, ఈ పక్షం బోరులో నీటిమట్టం, రెండే అంకెలు. వంతులవారీగా మీ అమ్మాయిల చేత రాయించండి. ఏటా కొత్త బోరుకు పోసే డబ్బుతో పోలిస్తే ఈ సుద్దముక్క ఖర్చెంత?